నీలం తలుపు అని రాసిన చెయ్యి

ఇరవై రెండు మంది ఒక బంతి వెంట పరుగెత్తుతుంటే చూసి మీరెప్పుడైనా వణికారా? నవ్వకండి, సూటిగానే అడుగుతున్నాను. మొన్న ఆదివారం మధ్యాహ్నం డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో మా పక్కింటివాళ్ళు పెరట్లో టీవీ పెట్టుకుని ఫుట్‌బాల్ చూస్తున్నారు. బొగ్గుల మీద మాంసం కాలుతున్న వాసన, పిల్లల కేకలు. వాటి వెనక, టీవీలోంచి, వేలమంది గొంతులు ఒక్కసారిగా ఉబికి లేచే హోరు. గోల్ పడబోయే ముందు వచ్చే హోరు అది. నాకు తెలియకుండానే లేచి వెళ్ళి పెరటి తలుపు గడియ పెట్టాను. నన్ను చూడ్డానికి వచ్చిన మా అమ్మాయి "వాట్ హ్యాపెన్డ్ నాన్నా? వాళ్ళు జస్ట్ గేమ్ చూస్తున్నారు" అంది. "తెలుసమ్మా" అన్నాను. గడియ మాత్రం తీయలేదు. గ్రహణం పట్టిన వేళ బజారు మధ్యలో కూర్చుని పులిహోర తిని చూపించినవాణ్ణి నేను. దయ్యం ఉందన్నవాణ్ణి వేదిక ఎక్కించి ప్రశ్నలతో దింపినవాణ్ణి. అలాంటి నాకు భయపడటం నేర్పినవాడు ఒకడున్నాడు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. అందుకే చెబుతున్నాను.

ఆయన పేరు రమిరో. ఎల్ సాల్వడోర్ దేశస్థుడు. 1978లో నేను డెట్రాయిట్ శివార్లలో కార్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో చేరాను. ఆయన నా బాస్. యాభై దాటిన మనిషి, పొట్టి, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. మొదటిరోజు నేను "సార్" అంటే, "నన్ను సార్ అంటే నిన్ను మహారాజా అంటాను, ఆలోచించుకో" అన్నాడు. ఆయనకి కొన్ని అలవాట్లుండేవి. కుర్చీ ఎప్పుడూ తలుపుకి ఎదురుగా వేసుకునేవాడు. కారుని ముందుకి నడిపితే చాలు బయటపడేలా, వెనక్కి తిప్పి పెట్టేవాడు. రెండువందల మంది తినే లంచ్‌రూమ్‌లోకి ఒక్కనాడూ అడుగుపెట్టేవాడు కాదు. తన బల్ల దగ్గరే చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టే తినేవాడు. నేను వీటన్నిటినీ చాదస్తమని లెక్కవేశాను.

అన్నిటికంటే విచిత్రమైనది ట్యాగుల సంగతి. చెడిపోయిన విడిభాగానికి ఎర్ర ట్యాగ్ కట్టి బోర్డుకి తగిలించాలి. ట్యాగ్ మీద మిషన్ నంబరుకీ, తప్పుకీ, పనివాడి పేరుకీ గళ్ళుండేవి. రమిరో మూడో గడి ఎన్నడూ నింపలేదు. నేను మాత్రం పేర్లు పెద్ద అక్షరాలతో రాసేవాణ్ణి. ఒకరోజు నేను రాసిన ట్యాగ్‌ని విప్పి నా ముందు పెట్టాడు.

"పేరు ఎందుకు రాశావు ఇంజనీరూ?"

"బాధ్యత ఎవరిదో తెలియాలి కదా. ఆధారం లేకుండా ఎలా?"

"ముక్క నీ చేతిలో ఉంది, అదే ఆధారం. మిషన్ నంబరు ఉంది, వెళ్ళి మిషన్‌ని చూడు."

"మనిషిదే తప్పయితే?"

"వెళ్ళి మనిషితో మాట్లాడు. గోడకి తగిలించకు. గోడ మీద పేరు కనిపిస్తే ఇక ముక్కని ఎవడూ చూడడు."

నేను అరగంట వాదించాను. చర్చావేదికల్లో పెరిగిన నోరు, ఊరుకుంటుందా? ఆయన ఓపిగ్గా విని, "చక్కగా మాట్లాడతావు" అని, కొత్త ట్యాగ్ ఇచ్చాడు. పేరు లేకుండా రాయించాడు.

1981 నవంబరులో ప్రపంచకప్‌లో చోటు కోసం హోండురాస్ రాజధానిలో హోండురాస్, ఎల్ సాల్వడోర్ తలపడ్డాయి. పక్కపక్క దేశాలు. పన్నెండేళ్ళ కిందట, 1969లో, ఈ రెండు జట్లే ఇలాగే ప్రపంచకప్ కోసం వరసగా ఆడాయి. ఆ ఆటలు ముగిసిన కొన్ని వారాలకే సైన్యాలు సరిహద్దు దగ్గర కొట్టుకున్నాయి. రేకుల్ని అచ్చులో నొక్కి విడిభాగాలు చేసే ప్రెస్ షాపులో ఒస్కార్ అని హోండురాస్ యువకుడు పనిచేసేవాడు. మా గది కిటికీ దగ్గర స్టేషన్ బాగా అందుతుందని ఆ సాయంత్రం తన షార్ట్‌వేవ్ రేడియో పట్టుకొచ్చాడు. రమిరో వద్దనలేదు. "తలుపు తెరిచే ఉంచు" అన్నాడంతే.

"ఇక్కడున్నది మనం ముగ్గురమే దోన్ రమిరో. కొట్లాటకి ఇంకా మనుషుల్ని పిలవాలి" అన్నాడు ఒస్కార్ నవ్వుతూ. దోన్ అంటే వాళ్ళ భాషలో గారు అని. "మీవాళ్ళు గెలిస్తే కాఫీ నేను తెస్తాను. మావాళ్ళు గెలిస్తే మీరు తెండి."

"ఎవరూ గెలవకపోతే?"

"ఇంజనీరు తెస్తాడు. ఆయనకి ఆ దేశమూ లేదు, ఈ దేశమూ లేదు."

ముగ్గురం నవ్వాం. ఆ తరువాత ఎవరూ నవ్వలేదు. స్పానిష్ నాకు రాదు. వ్యాఖ్యాత గొంతు, దాని కింద సముద్రంలా జనం హోరు మాత్రం వినిపించాయి. ఆ హోరు లేచినప్పుడల్లా రమిరో మోకాళ్ళ మీది చేతులు బిగిసేవి. చూపు రేడియో మీద లేదు, తలుపు మీద ఉంది. ఒకసారి హోరు మరీ పైకి లేచింది. ఆయన కుర్చీలోంచి సగం లేచి నిలబడిపోయాడు. సాల్వడోర్‌వాళ్ళు కొట్టిన బంతి బయటికి పోయిందన్నాడు ఒస్కార్, రమిరో ఊపిరి పీల్చుకుని కూర్చున్నాడు. తన దేశం గోల్ వేస్తుందేమోనని ఆయన భయపడుతున్నాడని అప్పుడు అర్థమైంది నాకు. తనవాళ్ళ గెలుపుకి అంతగా వణికినవాణ్ణి ఇంకొకణ్ణి నేను చూడలేదు. చివరికి ఎవరూ గోల్ వేయలేదు. రమిరో ఇస్త్రీ చొక్కా వీపంతా తడిసిపోయింది. నేను వెళ్ళి కాఫీ తెచ్చాను.

కాఫీ తాగుతూ నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆ యుద్ధం ఆట వల్ల రాలేదనీ, భూమి లేని ఎల్ సాల్వడోర్ రైతులు హోండురాస్‌కి వలసపోతే అక్కడి భూస్వాములు తమ మీద స్థానిక రైతులకున్న కోపాన్ని వాళ్ళ మీదికి మళ్ళించారనీ, బంతి వట్టి సాకనీ చెప్పాను.

"బాగా చదివావు. మా వీధిలోకి వచ్చినవాళ్ళు అది చదవలేదు" అన్నాడు రమిరో. ఆయనా అలా వలస వెళ్ళిన కుటుంబంవాడేనట. హోండురాస్‌లో ఒక చిన్న పట్టణంలో పంపులు, కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు నడిపేవాడు. అక్కడి సాల్వడోర్‌వాళ్ళ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి కూడా. 1969లో రెండో ఆట ఎల్ సాల్వడోర్ రాజధాని సాన్ సాల్వడోర్‌లో. చూడ్డానికి వెళ్ళేవాళ్ళ కోసం బస్సు మాట్లాడారు. తెల్లవారుజామున డ్రైవరు ఒక్కొక్క ఇంటి ముందు ఆగి ఎక్కించుకోవాలి. ఇళ్ళకి నంబర్లు లేవు. అందుకని రమిరో ఒక పెద్ద కాగితం మీద పేర్లూ వీధులూ గుర్తులూ రాశాడు. ఆకుపచ్చ కిటికీ, విరిగిన మెట్టు, నీలం తలుపు. డ్రైవరుకి ఒక ప్రతి ఇచ్చి, అసలుది కొట్లో గోడకి అంటించాడు.

"సాన్ సాల్వడోర్‌లో మావాళ్ళు గెలిచారు. అక్కడ హోండురాస్‌వాళ్ళని కొట్టారని కబురొచ్చింది. కొంత నిజం, మిగతాది దారిలో పెరిగింది. బస్సు తిరిగొచ్చిన మర్నాడు మధ్యాహ్నం నా కొట్టు ముందు గుంపు నిలబడింది. నన్ను ముట్టుకోలేదు. ముందున్నవాడు నా ఖాతాదారే, వాళ్ళావిడ మిషన్ నేనే బాగుచేశాను. గోడ మీది కాగితం జాగ్రత్తగా, చిరగకుండా తీశాడు. చదివి, 'చక్కని దస్తూరీ రమిరో' అన్నాడు."

గదిలో రేడియో ఇంకా గరగరమంటోంది. ఒస్కార్ దాన్ని ఆపేశాడు.

"నీలం తలుపు మా తమ్ముడిది" అన్నాడు రమిరో. "ఆ తరువాత వాణ్ణి ఎవరూ చూడలేదు. గుంపుకి కోపం ఎవరో ఇచ్చారు, ఇంజనీరూ. చిరునామా నేనిచ్చాను."

ఒస్కార్ తలెత్తకుండా నెమ్మదిగా అన్నాడు: "మా నాన్న ఆ రోజుల్లో పక్కింటి సాల్వడోర్‌వాళ్ళని ధాన్యం గదిలో దాచాడు. వాళ్ళ పక్కింటివాళ్ళని దాచలేదు. చోటు లేదన్నాడు. చోటు ఉంది." రమిరో తన చల్లారిన కాఫీని ఒస్కార్ వైపు జరిపాడు.

ఇంత విన్నాక నాకు బుద్ధి రావాలి కదా? రాలేదు. విన్నదాన్ని ఇంకెవరి దేశానికో చెందిన విషాదంగా లోపల ఒక అరలో పెట్టేసుకున్నాను. మనవాళ్ళు పది కుటుంబాలు ఒకచోట చేరితే మొదట చేసే పని డైరెక్టరీ అచ్చువేయడం. 1982లో మా ప్రాంతపు తెలుగు కుటుంబాల డైరెక్టరీ నేనే తయారుచేశాను. ఇంటిపేరు, సొంత ఊరు, ఇంటి చిరునామా, ఫోను, పిల్లల పేర్లు, ఉద్యోగం చేసే చోటు. మా ఆవిడ సులోచన అది తిరగేసి, "గోత్రం ఒక్కటే తక్కువైంది. అదీ వేస్తే పెళ్ళిళ్ళు కుదిర్చేసేవారు, హేతువాదిగారు" అంది. నాకు మాత్రం గర్వమే.

ఆ ఏడు కార్ల పరిశ్రమ కుదేలైంది. వారం వారం మనుషుల్ని తీసేస్తున్నారు. జపాన్ కార్ల వల్లే ఇదంతా అని గేటు బయట ఒక జపాన్ కారుని సమ్మెటలతో పగలగొట్టారు. ఆ వేసవిలోనే డెట్రాయిట్ దగ్గర చైనా మూలాలున్న ఒక యువకుణ్ణి, జపాన్‌వాడనుకుని, బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపారు. మనం జపాన్‌వాళ్ళం కాదుగా అనుకున్నాం మనవాళ్ళం. ఆ చనిపోయినవాడూ కాదు. ఆ తర్కం ఎవరికీ తట్టలేదు, తర్కమే తిండిగా బతికిన నాకు కూడా.

ఒకరోజు ప్రెస్ షాపు నుంచి వాల్ట్ అనే ఆయన వచ్చాడు. సరదా మనిషి. కారు పగలగొట్టిన రోజు మొదటి దెబ్బ వేసిందీ ఆయనే. "మీవాళ్ళందరి అడ్రసులూ ఒక పుస్తకంలో వేశావట. ఒకటి ఇవ్వు, పిక్నిక్‌కి పిలుద్దాం" అన్నాడు. ఇచ్చాను. ఆ సంబరం పట్టలేక వెళ్ళి రమిరోతో చెప్పాను. "చూశారా, వాల్ట్ మావాళ్ళని పిక్నిక్‌కి పిలుస్తాడట."

చేతిలో మైక్రోమీటర్ బల్ల మీద పెట్టాడు. "ఎందులో చూసి పిలుస్తాడు?"

చెప్పాను. ఆయన లేచి, నాలుగేళ్ళలో ఏనాడూ వెళ్ళని లంచ్‌రూమ్ వైపు నడిచాడు. నేను వెనకాలే పరుగెత్తాను. లోపల బల్లలన్నీ నిండి ఉన్నాయి. వాల్ట్ దగ్గరికి వెళ్ళి ఆగాడు.

"పిక్నిక్ ఎప్పుడు, వాల్ట్?"

"ఏమిటి?"

"ఇంజనీరువాళ్ళ పిక్నిక్. ఎప్పుడు?"

"ఇంకా అనుకోలేదు."

"ఎక్కడ?"

వాల్ట్ నవ్వాడు, పక్కవాళ్ళ వైపు చూశాడు. "ఏమైంది రమిరో? చిన్న పుస్తకం."

"చిన్నదే. ఇచ్చెయ్."

చెయ్యి చాపాడు. బల్లల దగ్గర మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. రెండువందల మంది చూస్తున్నారు. చర్చావేదికల మీద నేర్చిన వాక్యం ఒక్కటీ నోటికి రాలేదు. రమిరో చాపిన చెయ్యి దింపలేదు. చివరికి వాల్ట్ వెనక జేబులోంచి పుస్తకం తీసి ఆ చేతిలో పెట్టాడు. "మీ విదేశీయులకి హాస్యం తెలియదు" అన్నాడు.

గదికి వచ్చి తెరిచాం. మూడు చిరునామాల పక్కన పెన్సిల్ టిక్కులున్నాయి. ఒకటి మాది. అప్పటికి మా అమ్మాయికి ఏడాది. దాని పేరు కూడా ఆ వరసలోనే, నా అచ్చక్షరాల్లో ఉంది.

ఆ టిక్కులు ఎందుకు పెట్టాడో నాకు ఈనాటికీ తెలియదు. నిజంగానే పిక్నిక్‌కి పిలవాలనుకున్నాడేమో. రుజువు లేకుండా ఎవరి మీదా నేరం మోపకూడదని నేర్చినవాణ్ణి, మోపను. కానీ ఆ వారమంతా సులోచనా నేనూ ఇల్లిల్లూ తిరిగి డైరెక్టరీలు వెనక్కి అడిగాం. ఒక డాక్టర్‌గారు పగలబడి నవ్వారు. "నీకూ దిష్టి భయం పట్టుకుందటయ్యా? ఏదీ, రుజువు చూపించు!"

"రుజువు దొరికే రోజుకి మనం ఉండకపోవచ్చు డాక్టర్‌గారూ" అన్నాను. ఆయన నవ్వు ఆగింది. లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి ఇచ్చారు.

1986లో రమిరో రిటైరై కూతురి దగ్గరికి టెక్సాస్ వెళ్ళిపోయాడు. చివరిరోజు పార్కింగ్‌లో నిలబడి అడిగాను. "ఆ రోజు వాల్ట్‌ని అడగడానికి భయం వెయ్యలేదా?"

"కాళ్ళు వణికాయి. నువ్వు వెనకున్నావు, చూడలేదు."

"మరి ఎలా వెళ్ళారు?"

"నా కొట్లో వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుంటే, ఇచ్చెయ్ అని నేను అడగలేదు. అడిగితే నన్ను కొట్టేవాళ్ళు. కొట్టనివ్వాల్సింది" అన్నాడు. ఆ తరువాత ఆయన్ని నేను మళ్ళీ చూడలేదు.

నాలో ఆయన మిగిల్చింది ఈ భయమే. దీన్ని నేను పోగొట్టుకోదలచుకోలేదు. దయ్యం భయం మనిషిని గదిలో మూల కూర్చోబెడుతుంది. ఈ భయం నన్ను లేపి నడిపించింది, అడగడానికి సిగ్గుపడే ప్రశ్నని అడిగించింది. ఈ రోజుల్లో జాబితాలు అచ్చువేయనక్కర్లేదు. మీ అపార్ట్‌మెంట్ సంఘంలో, మీ కులసంఘంలో, మీ ఫోన్‌లోని గ్రూపులో ఎవరో ఒకరు నవ్వుతూనే అడుగుతారు: ఫలానా దేశంవాళ్ళు, ఫలానా మతంవాళ్ళు, ఏ ఇంట్లో ఉంటున్నారో కాస్త రాసిపెట్టండి అని. ఎందుకని అడగండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతికి అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఒక్క పేరు కూడా ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే, కాళ్ళు వణికినా సరే, లేవండి. ఈ పూటే వెళ్ళి, నలుగురి ముందూ, వెనక్కి అడిగి తీసుకోండి.