నడవని నాన్న చెప్పిన సాక్ష్యం

నా చిన్నప్పుడు చర్చిలో నిలబడి, అందరి ముందూ, కళ్ళార్పకుండా ఒక పచ్చి అబద్ధం చెప్పాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఇప్పుడు అబద్ధమాడారని మనవరాళ్ళను తిట్టబోతే మావాళ్ళు ఈ సంగతి ఎత్తి నా నోరు మూయిస్తారు. ఎత్తనీ, నాకేం సిగ్గు లేదు.

మేము మల్కాజ్‌గిరిలో ఉండేవాళ్ళం. మా నాన్న రైల్వేలో ఫిట్టరు. ఎత్తైన మనిషి. నన్ను సైకిలు ముందు కమ్మీ మీద కూర్చోబెట్టుకుని మోండా మార్కెట్టు దాకా పాటలు పాడుకుంటూ తొక్కేవాడు. ఆ ఎండాకాలంలో ఒకరోజు పొద్దున స్నానానికని లేచినవాడు అక్కడే కుప్పకూలాడు. పక్షవాతం. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మూతి ఒక పక్కకు వంకరపోయింది. ఆసుపత్రిలో నెలరోజులుంచుకుని, ఇంక ఇంట్లోనే చూసుకోండని పంపించేశారు.

మా చర్చి రెండు వీధుల అవతల, ఒక రేకుల షెడ్డులో జరిగేది. ఆదివారం పాటలయ్యాక మా పాస్టరు అయ్యగారు సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే లేవమనేవారు. జ్వరం తగ్గినవాళ్ళు, ఉద్యోగం దొరికినవాళ్ళు, కూతురి కాన్పు సుఖంగా అయినవాళ్ళు లేచి దేవుడు చేసిన మేలు చెప్పేవారు. మేమంతా స్తోత్రం అంటూ చప్పట్లు కొట్టేవాళ్ళం. కష్టంలో ఉన్నవాళ్ళు మాత్రం లేచేవారు కాదు. లేచి ఏం చెప్తారు?

మొదట్లో అమ్మ నాన్నను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి చర్చికి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ నాన్నకు తగ్గిందా అని అడిగేవారు. లేదంటే మొహాలు చిన్నబోయేవి. ఒకావిడైతే, మనిషి మంచిదే పాపం, "మీ ఇంట్ల ప్రార్థన సక్కగ లేనట్టుందమ్మా, జెర విశ్వాసం పెంచుకోండ్రి" అనేసింది. అమ్మ ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ తర్వాత చర్చికి రావడం మానేసింది. రోజూ సాయంత్రం ఇంట్లో చేసుకునే ప్రార్థన కూడా ఆగిపోయింది. నాన్న మంచాన పడినప్పటికంటే అమ్మ ప్రార్థన మానేసినప్పుడే నాకు ఎక్కువ భయమేసింది. ఇంక మాకు ఎవరూ లేరనిపించింది.

అప్పుడు నా బుర్రలో ఒక ఉపాయం మెరిసింది. సాక్ష్యం చెప్పినవాళ్ళందరికీ బాగైంది కదా! అలాంటప్పుడు ముందే చెప్పేస్తే పోలా? అంతమందిలో చెప్పాక దేవుడు నా పరువు తీస్తాడా? ఆ ఆదివారం ఒక్కదాన్నే వెళ్ళాను. అయ్యగారు అడగడమే ఆలస్యం, లేచి నిలబడ్డాను.

"మా నాన్న నిన్న లేసి నడిచిండు. నల్లా కాడికి పోయి బిందె నిండ నీళ్లు సుత తెచ్చిండు!"

బిందె సంగతి నాకు అప్పటికప్పుడు తోచింది. రేకులు ఎగిరిపోయేలా చప్పట్లు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అంత పెద్ద మేలు జరిగితే సంఘమంతా ఆ ఇంటికి వెళ్ళి కృతజ్ఞత కూడిక పెట్టి పాటలు పాడి ప్రార్థన చేయడం మావాళ్ళ అలవాటు. నేను ఆ సంగతే మరిచిపోయాను. ఆరాధన ముగియగానే అయ్యగారు పూలదండ తెప్పించారు, ఎవరో అరటిపళ్ళు కొన్నారు, ముప్పై మందిమి బయల్దేరాం. దారి పొడుగునా, దేవా, ఇప్పుడైనా లేపు, ఇప్పుడైనా లేపు అని గొణుగుతూనే ఉన్నాను. మా గుమ్మం కనబడేసరికి అందరికంటే ముందు లోపలికి పరుగెత్తాను.

అమ్మ నాన్నకు చెంచాతో జావ పడుతోంది. నాన్న మంచంలో ఎలా ఉన్నవాడు అలాగే ఉన్నాడు. దండ అయ్యగారి చేతుల్లోనే ఉండిపోయింది. అందరూ నావైపు తిరిగారు. నేను అమ్మ చీరలో మొహం దాచుకుని, ఏడుస్తూ జరిగిందంతా కక్కేశాను. అమ్మ మొహం పాలిపోయింది. పిల్లకు భయం చెప్పాలని వెనక నుంచి ఎవరో అన్నారు. అప్పుడు నాన్న బాగున్న ఎడమ చేయి ఎత్తి, అందరినీ లోపలికి రమ్మని సైగ చేశాడు. ముద్దముద్దగా ఏదో అన్నాడు. ఆయన మాట మా అమ్మకొక్కదానికే అర్థమయ్యేది.

"కూసోండ్రి, కూడిక పెడదాం అంటుండు" అంది అమ్మ.

నాన్న ఒక్కో ముక్కా కష్టపడి చెప్పాడు. అమ్మ వెంటవెంటనే పైకి చెప్పింది. "నేను నడవలే. ఇంక నడుస్తనో లేదో ఎరుక లేదు. పొద్దుగాల మెలకువ రాంగనే భయమైతది. ప్రభువా అని పిలుస్త. భయం మొత్తం పోదు గని, నేను ఒక్కన్ని గానని ఎరుకైతది. దేవుడు నన్ను ఇడ్సిపెట్టలే." ఆ చివరి మాట చెప్పి అమ్మ చేతిలోని చెంచా కింద పెట్టింది. నాన్న ఆమెవైపే చూస్తూ ఆగాడు. అమ్మ మళ్ళీ అంది, ఈసారి తన మాటగా అంది. "దేవుడు మమ్మల్ని ఇడ్సిపెట్టలే."

విశ్వాసం పెంచుకోమన్న ఆవిడ వచ్చి అమ్మ పక్కన నేల మీద కూర్చుని, "తప్పైంది చెల్లె" అని చేయి పట్టుకుంది. అయ్యగారు దండను నాన్న మెడలోనే వేశారు. పాటలు పాడి, అరటిపళ్ళు పంచి మరీ వెళ్ళారు. ఆ సాయంత్రం అమ్మ తనంతట తానే నాన్న మంచం పక్కన మోకరించింది. నన్ను పిలిచింది.

నాన్న మళ్ళీ నడవలేదు. తొమ్మిదేళ్ళు ఆ మంచంలోనే ఉండి వెళ్ళిపోయాడు. చెప్తే కొందరికి ఈ కథ సగంలో ఆగినట్టనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. ఆ తొమ్మిదేళ్ళూ మా ఇంట్లో నవ్వులున్నాయి, ప్రార్థన ఉంది, నాన్న పోయిన రోజు కూడా అమ్మ దాన్ని ఆపలేదు. పెళ్ళై నేరేడ్‌మెట్ వచ్చాక నాకూ కష్టాలు తక్కువేం పడలేదు. ఏ ఒక్కదానిలోనూ నేను ఒంటరిగా లేను. ఈ మాట గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలను.

పోయిన నెల నుంచి నాకు క్యాన్సరుకు మందులు ఎక్కిస్తున్నారు. మొదలైన వారమే చర్చిలో లేచి, ముందు కుర్చీ పట్టుకుని, దేవుడు నన్ను విడిచిపెట్టలేదని సాక్ష్యం చెప్పాను. ఇంటికొచ్చాక మా కోడలు, తగ్గాక చెప్పొచ్చు కదా అత్తయ్యా అంది.

"తగ్గినంక సుత చెప్త బిడ్డా. గని నాకు ఆయన తోడు కావాల్సింది ఇప్పుడు గదా" అన్నాను.