సారలమ్మ మూడో ఇంటిపేరు

నోరున్న మనిషినని నాకు పేరు. నాచారంలో మా అపార్ట్‌మెంట్‌కి నీళ్ళ ట్యాంకర్ ఆలస్యమైతే ఫోన్ చేసి కడిగేసేది నేనే. మెట్లకడ్డంగా బండి పెట్టినవాడిని కిందకి పిలిచి మరీ తీయించేది నేనే. "రత్నకుమారి గారుండగా మనకేంటండీ" అని అసోసియేషన్ మీటింగులో ఎవరైనా అంటే, పైకి "అబ్బే, నాదేముంది" అనేదాన్ని గానీ లోపల తెగ మురిసిపోయేదాన్ని. నా నోరు పడిపోను! సరిగ్గా కావలసిన రోజున అది ఏం చేసిందో ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం సయించడం లేదు. సారలమ్మ సంగతి చెబుతాను. అందులోనే నా సంగతీ వస్తుంది.

సారలమ్మ మా కింద ఫ్లాట్‌లో ఉంటుంది. నలభై తొమ్మిదేళ్ళు. జనగామ దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యి ఇటు వచ్చింది. మొదటి భర్త బిక్షపతి చర్లపల్లిలో ఏదో ఫ్యాక్టరీలో చేసేవాడు, కామెర్లొచ్చి పోయాడు. అప్పటికామెకి ముప్పై నాలుగు. పిల్లల్లేరు. పుట్టింటికి వచ్చెయ్యమంటే వెళ్ళకుండా, మంచాన పడ్డ అత్తగారిని ఎనిమిదేళ్ళు చూసింది. ఇండస్ట్రియల్ ఏరియాలో మసాలాలు ప్యాక్ చేసే కంపెనీలో కూలికి చేరి, ఇప్పుడు ఇరవై మంది ఆడవాళ్ళ మీద సూపర్‌వైజర్ అయింది. సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే ముందు ధనియాల వాసన వస్తుంది, వెనకాల ఆమె వస్తుంది. నేను ముక్కు మూసుకుని వెక్కిరించేదాన్ని. "నవ్వు అక్కా నవ్వు, నీ సాంబార్ల వాసన లేనినాడు నన్నే పిలుస్తవ్" అనేది. నిజమే, పిలిచేదాన్ని.

ఆ ఫ్లాట్ గిరిప్రసాద్ గారిది. ఆయన సొంతూరు రేపల్లె. పీర్జాదిగూడలో హార్డ్‌వేర్ కొట్టు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. సారలమ్మ అప్పుడు అద్దెకుంటున్న గదిలో కుళాయి కారుతోందని వాషర్ కోసం ఆయన కొట్టుకి మూడుసార్లు వెళ్ళింది. మూడోసారి ఆయనే స్పానర్ పట్టుకొచ్చి బిగించాడట. ఆ తర్వాత కుళాయి ఎప్పుడూ కారలేదు గానీ ఆయన రావడం మానలేదు. పోయిన ఆషాఢంలో ఉప్పల్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళి చేసుకున్నారు. "ఆషాఢంలో పెళ్ళేంటండీ, చోద్యం కాకపోతే!" అంటే, "ఈ వయసులో మమ్మల్ని ఏ మాసం పట్టించుకుంటుందమ్మా" అన్నాడాయన.

ఆ పెళ్ళికి ముగ్గురు సాక్షుల్లో నేనొకదాన్ని. ఇద్దరూ ఇంటికొచ్చి అడిగారు. పట్టుచీర కట్టుకుని వెళ్ళి, పేరంతా పొడుగ్గా, ఒంపులు తిప్పి సంతకం పెట్టాను. సారలమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది కూడా. కానీ మా అపార్ట్‌మెంట్‌లో ఆ పెళ్ళి ఎవరూ చూడలేదు కదా. భోజనాల్లేవు, బాజాల్లేవు. ఆవిడ వచ్చి ఆయన ఫ్లాట్‌లో దిగింది, అంతే. "పెళ్ళయిందో, ఊరికే ఉంటున్నారో, మనకెందుకులెండి" అని మెట్ల దగ్గర గుసగుసలు. నేనూ అక్కడే నిలబడి విన్నాను. సాక్షి సంతకం పెట్టింది నేనేనని ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

ఈ ఏడు సిమెంట్ కంపెనీవాళ్ళు డీలర్లని భార్యలతో సహా శ్రీలంక తీసుకెళ్తామన్నారు. నాలుగు రోజులు. గిరిప్రసాద్ గారు ఏటా తన వంతు వేరేవాళ్ళకి ఇచ్చేసేవాడు. ఈసారి వెళ్ళాల్సిందేనని పట్టుబట్టాడు. సారలమ్మ దగ్గర పాస్‌పోర్ట్ ఉంది. అత్తగారు పోయాక, ఏడేళ్ళ కిందట, కువైట్‌లో ఇంటిపని ఇప్పిస్తానని ఒకడు చెబితే తీయించుకుంది. వాడు మాయమయ్యాడు, పాస్‌పోర్ట్ మాత్రం పెట్టెలో మిగిలింది.

ఒకరోజు దాన్ని పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"అక్కా, గీ పాతదే నడుస్తదట. టూర్ ఏజెంట్ చెప్పిండు. పెండ్లి సర్టిఫికెట్ ఎంబడి పెట్టుకుంటే సాలంట. మార్సుడు మన ఇష్టమేనంట."

"మరింకేం?"

అది నా ముందు తెరిచిపెట్టింది. బోయిని సారలమ్మ. ఆఖరి పేజీలో భర్త పేరు బిక్షపతి.

"గీ కాయితం మీద నేను ఇంక బిక్షపతి పెండ్లాన్నే. గిట్లనే పోయి ఆయన పక్కన ఇమానంల కూసుంటే నాకు మంచిగనిపిస్తలేదు. పోయినోనికీ మర్యాద కాదు, ఉన్నోనికీ మర్యాద కాదు. పుట్టినప్పుడు ఒక ఇంటిపేరు, బిక్షపతిని జేసుకున్నంక ఒకటి. గీ మూడోది నేను కోరి తెచ్చుకున్నది. రాయించుకోవాల్నని ఉన్నది."

"రాయించుకో. ఎవరొద్దన్నారు?"

"పేరు మారిస్తే పోలీసోళ్ళు ఇంటికొస్తరంట. పక్కింటోళ్ళను అడుగుతరంట, గీమె ఎవరి భార్య అని. మన బిల్డింగుల ఏమనుకుంటున్నరో నాకెర్క లేదా? నలుగురి ముంగట గా ముచ్చట ఎందుకక్కా? ఉండనీ, పాతదే ఉండనీ."

అక్కడ నేను విజృంభించాను. దొంగతనం చేశావా, దాక్కోవడానికి అన్నాను. చట్టప్రకారం చేసుకున్న పెళ్ళికి సిగ్గెందుకన్నాను. "రానీవే పోలీసుల్ని! నేనున్నాగా! తెలిసినవాళ్ళ పేర్లడిగే చోట నా పేరు రాయి. మెట్ల మీద నిలబడి బిల్డింగంతా వినబడేట్టు చెప్తాను" అని గుండె మీద చెయ్యి వేసుకుని మరీ అన్నాను. ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది. ఆ చూపు ఆ రోజు నాకు అర్థం కాలేదు. "సరే అక్కా, నువ్వు జెప్తున్నవ్ గదా" అంది.

అమీర్‌పేట పాస్‌పోర్ట్ ఆఫీసులో స్లాట్ దొరికితే ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ముగ్గురం వెళ్ళాం. పెళ్ళి సర్టిఫికెట్, బిక్షపతి డెత్ సర్టిఫికెట్ ఒకే కవర్లో పెట్టుకుంది. కౌంటర్ దగ్గర ఆ రెండో కాగితం తీసేటప్పుడు దాన్ని ఒకసారి చేత్తో తుడిచింది. దారిలో ఎదురుసీటావిడ "మీరేమవుతారమ్మా" అనడిగితే, నేను బోర విరుచుకుని "ఫ్రెండ్సండీ, వీళ్ళ పెళ్ళికి సాక్షిని కూడా నేనే" అన్నాను. మెట్రోలో చెప్పానండీ ఆ మాట. ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు నాకెప్పుడూ ధైర్యమే.

పది రోజులకి ఎంక్వైరీ వచ్చింది. రానే వచ్చింది, మా ఇంట్లో పద్మావతి గారు కూర్చున్న పూటే వచ్చింది. మా అమ్మాయి హరిచందనకి దమ్మాయిగూడ నుంచి ఒక సంబంధం నడుస్తోంది. పద్మావతి గారు అబ్బాయి తల్లి. పెళ్ళిచూపులకి ముందు ఊరికే ఓసారి ఇల్లు చూసిపోదామని వచ్చారు. గదులన్నీ చూశారు. "మాది కొంచెం పద్ధతులు చూసుకునే కుటుంబమండీ. చుట్టుపక్కల ఎలాంటివాళ్ళుంటారో కూడా చూసుకుంటాం" అన్నారు. "ఇక్కడందరూ మంచి ఫ్యామిలీసేనండీ" అన్నాను. కాఫీ ఇచ్చాను. అప్పుడే బెల్ మోగింది.

తలుపు తీస్తే మఫ్టీలో ఒక కానిస్టేబుల్, చేతిలో ట్యాబ్. అతని వెనక సారలమ్మ. ముందే ఫోన్ వచ్చినట్టుంది, డ్యూటీకి సెలవు పెట్టి, తల దువ్వుకుని, ఫోటో దిగడానికి తయారైనట్టు ఆకుపచ్చ చీర కట్టుకుని నిలబడింది. నన్ను చూసి నవ్వింది.

"రత్నకుమారి మేడం మీరేనా? పాస్‌పోర్ట్ ఎంక్వైరీ. రెఫరెన్స్ కింద మీ పేరు రాసిన్రు. గీ మేడం గిరిప్రసాద్ గారి భార్యనేనా? పెండ్లైన సంగతి మీకు ఎర్కనేనా?"

ఒక్క మాట. "అవునండీ, సాక్షి సంతకం నాదే" అంటే అయిపోయేది. వెనక సోఫాలో పద్మావతి గారి గాజులు కదిలిన చప్పుడు వినిపించింది. రెండో పెళ్ళి, పోలీసు, సాక్షి, ఈ మాటలన్నీ ఆవిడ చెవిన పడితే, "ఎలాంటివాళ్ళతో తిరుగుతుందో చూశావా ఈవిడ" అనుకుంటే, నా కూతురి సంబంధం ఏమవుతుంది? ఇదంతా ఆలోచించానని చెబితే అబద్ధం. ఆలోచించేంత సేపు ఎక్కడ పట్టింది? నోరు దానంతటదే తిరిగిపోయింది.

"కింద ఉంటారండీ. అంతే తెలుసు. పెళ్ళి సంగతులవీ నాకు అంతగా తెలియదు."

కానిస్టేబుల్ ట్యాబ్ వంక, నా వంక చూశాడు. "తెలియదా? మీ పేరే రాసిన్రు గదా మేడం?"

"ఎందుకు రాశారో మరి."

ఛీ! మొదటి మాట భయంతో వచ్చిందనుకుందాం. ఈ రెండో మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? తలుపు మీద చెయ్యి వేసి, గొంతులో చిరాకు నింపుకుని, ఎవరో చందాకొచ్చినవాళ్ళతో అన్నట్టు అన్నాను.

సారలమ్మ నా సంతకం సంగతి అక్కడే బయటపెట్టొచ్చు. "గీమెనే సార్ మా సాక్షి" అంటే పద్మావతి గారి ముందు నా బతుకు బజారున పడేది. అనలేదు. నవ్వు మాత్రం పోయింది. "మేడం ఇంట్ల సుట్టాలున్నరు సార్. మనం కిందికి పోదాం పాండ్రి" అంది. నన్ను ఇంతకుముందెప్పుడూ మేడం అనలేదు.

తలుపేసి వచ్చేసరికి పద్మావతి గారు ఫోన్లో ఏదో వీడియో చూసుకుంటున్నారు. "ఎవరండీ?" అని కూడా అడగలేదు. కాఫీలో పంచదార కొంచెం ఎక్కువైందన్నారు. వేరే కలపడానికి వంటింట్లోకి వెళ్తే, కిటికీలోంచి కింద మెట్ల దగ్గర మాటలు వినిపించాయి. వాచ్‌మన్ భార్య సత్తమ్మ గొంతు. మా గిన్నెలు తోమేది కూడా ఆవిడే.

"ఎవరి పెండ్లామేంది సార్? గిరిప్రసాద్ సారు పెండ్లాం. దండలేసుకొని వస్తే నేనే దిష్టి తీసిన. రాస్కో, నా పేరు సత్తమ్మ. నా ఫోన్ నంబర్ గూడ రాస్కో. ఎవరడిగినా గిదే జెప్త."

బిల్డింగంతా వినబడేట్టే చెప్పింది. నేను చెప్తానన్నట్టే చెప్పింది. పాలు పొంగి స్టవ్వంతా పారుతున్నా నేను కదల్లేదు.

ఆ తర్వాత మెట్లు మానేసి లిఫ్టులో తిరిగాను. కింద నుంచి ధనియాల వాసన వస్తే తలుపు తీయలేదు. మా ఆయన "ఏంటే, నీరసంగా ఉన్నావు" అంటే ఎండ అన్నాను. పద్మావతి గారికి ఇల్లు నచ్చిందట, పెళ్ళిచూపులకి రమ్మని కబురు చేశారు. ఆ కబురు విని ఎగిరి గంతెయ్యాల్సినదాన్ని, బాత్రూంలో కుళాయి విప్పి ఏడ్చాను.

మొన్న గురువారం గిరిప్రసాద్ గారు మిఠాయి డబ్బా పట్టుకుని ఫ్లాట్ ఫ్లాట్‌కీ తిరిగాడు. పాస్‌పోర్ట్ వచ్చిందట. మా గుమ్మంలోకి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"మీ మేలు మర్చిపోనమ్మా. పోలీసుకి మీరు ఎంత బాగా చెప్పారో మా ఆవిడ చెప్పింది. పక్కింటివాళ్ళు దొరకడమంటే ఇదీ."

లడ్డూ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆయన దాన్ని వినయం అనుకున్నట్టున్నాడు, ఇంకోసారి దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఆయన కొట్టుకి వెళ్ళాక కిందికి దిగాను. సారలమ్మ సూట్‌కేస్ సర్దుతోంది. నన్ను చూసి కుర్చీ జరిపింది. నేను కూర్చోలేదు.

"ఆయనకి అబద్ధం ఎందుకు చెప్పావే?"

"నిజం జెప్తే ఆయన జన్మల నీ ముఖం సూడడు. ఎప్పటికైనా ఒక్క మెట్లే ఎక్కి దిగెటోళ్ళం గదా."

"నన్ను తిట్టు, సారలమ్మా. నాలుగు తిట్టు. చెంప మీద కొట్టు."

"ఎందుకు తిడ్త? నువ్వు గట్లనే అంటవని నాకు అనిపించింది." ఆమె గొంతులో కోపం లేదు. చీరలు మడతపెడుతూనే మాట్లాడుతోంది. "ఉప్పల్ల సంతకం పెట్టిననాడు నిన్ను ఎర్కున్నోళ్ళు ఆడ ఎవరున్నరు? గిది నీ ఇంటి ముంగట. అందుకే పొద్దుగాలనే సత్తమ్మను మెట్ల కాడ ఉండుమన్న. నువ్వు గాని లేదంటే ఆమె జెప్పాలె అని."

నాకు తల కొట్టేసినట్టయింది. నేను గుండె మీద చెయ్యి వేసుకుని మాటిచ్చిన రోజున ఆమె నా మొహంలోకి ఎందుకు చూసిందో అప్పటికి తెలిసింది. నా నోటి విలువ నాకంటే ముందే ఆమెకి తెలుసు.

"అంత తెలిసినదానివి మరి నా పేరెందుకు రాశావే?"

ఆమె చేతులు ఆగాయి.

"ఏమో అక్కా," అంది. "ఒక్కసారన్న జెప్తవేమోనని."