పాత పెట్టె నాకొద్దన్నాను

కదిరిలో కన్వర్టర్ అమ్మిన షాపతను దాని స్క్రూలు విప్పి మూత ఎత్తగానే కమురు వాసన గుప్పున కొట్టింది. లోపల సర్క్యూట్ పలక ఒక మూల నల్లగా మాడిపోయి ఉంది. కన్వర్టర్ కొని నాలుగు నెలలు కూడా కాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అది ఇంటి కరెంటును పన్నెండు వోల్టులకు దించి, మా వ్యానులో మంచం కింద ఉన్న బ్యాటరీని నింపే పెట్టె. ఆ బ్యాటరీ నిండితేనే నాయన ఆక్సిజన్ మిషన్ బండిలో నడుస్తుంది. వానలు లేని ఏళ్ళలో నాయన చేను వదిలేసి రాతి క్రషర్‌లో కూలికి పోయాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరింది. ముక్కుకు గొట్టం లేకుండా పది నిమిషాలు కూర్చోలేడు. ఆ క్రషర్ వాళ్ళను నేను తిట్టని రోజు లేదు. తిడితే ఊపిరి తిరిగి వస్తుందా, రాదు. గోడ మీద ప్లగ్గు ఎక్కడుంటే ఆయన అక్కడే పడి ఉండటం చూడలేక, పుట్టపర్తిలో ఒక జంట ఊళ్ళు తిరిగి తిరిగి విసుగొచ్చి అమ్మేసిన క్యాంపర్ వ్యాను కొన్నాను. మంచం, ఫ్యాను, చిన్న పొయ్యి అన్నీ అందులోనే ఉన్నాయి. సాయంత్రం ఆయన్ని ఎక్కించుకుని తనకల్లు దగ్గర మా చేనుకు తోలుకుపోయేదాన్ని. తలుపు తీసి పెడితే మంచం మీద నుంచే చేనంతా చూసుకునేవాడు.

అంతలో వాన పడింది. మా ఎర్రనేలకు పదును రెండు రోజులు, మహా అయితే మూడు. తడి ఆరేలోపు వేరుశనగ విత్తనం నేలలో పడిపోవాలి. నాయన పట్టు పట్టాడు.

"విత్తనం గొర్రు ఎనకాల ఎవురో ఒకరు మన్ను పెల్లగించి చూస్తా పోవల్ల పాపా. ట్రాక్టరు మీద కూచున్నోనికి ఏం కనపడతాది? నన్ను తోల్కపో. ఈ ఒక్క విత్తు చూస్తా."

ఈ ఒక్క విత్తు అన్నాడు. ఆ మాటకు అర్థం మా ఇద్దరికీ తెలుసు. తీరా పొద్దున బండి తీయబోతే బ్యాటరీ ఖాళీ, కన్వర్టర్‌లో లైటు లేదు. పక్కింటి పెద్దమ్మను నాయనకు తోడు పెట్టి, పెట్టెను సంచిలో వేసుకుని కదిరి బస్సెక్కాను.

"అక్కా, దీనికి కరెంటు యాడ ఇచ్చినారు?" అని అడిగాడు షాపతను.

"ఇంట్లోనే."

"ఇంటి కరెంటుకు ఇట్ల మాడదక్కా. వోల్టేజీ ఎగిరెగిరి పడితేనే ఇట్లయితాది. చేన్లో బోరు కాడ ఏమన్నా తగిలించినారా?"

తగిలించాను. వానకు ముందు రోజు సాయంత్రం. నాయన ఇంకాసేపు ఉందామన్నాడు, బ్యాటరీ అడుగంటుతోంది. మా బోరు ఎండిపోయి మూడేళ్ళయినా మోటారు స్టార్టరు దాకా కరెంటు వస్తుంది. స్టార్టరులో ఒక ఫేజుకు ఒక వైరు తగిలించి, రెండోది ఎర్తు కోసం బోరు కేసింగ్ పైపుకు చుట్టాను. చేలల్లో బల్బు వెలిగించుకోవడానికి మా వైపు చాలామంది చేసే పనే. వెలుగు తగ్గితే పైపు మొదట్లో బిందెడు నీళ్ళు పోస్తారు, మళ్ళీ పెరుగుతుంది. ఆ రోజు నేల బెండులా ఎండి ఉంది. మేం తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు కూడా పోశాను. "వద్దు పాపా, అది బల్బు కాదు" అని నాయన చెప్తూనే ఉన్నాడు. "నీకేం తెలుసు, ఊరికే ఉండు" అన్నాను.

ఇదంతా షాపతనికి చెప్పాలా? నాసిరకం సరుకు అంటగట్టి తప్పు నా మీదికి తోస్తావా అని నోరు పారేసుకున్నాను. మా నాయన ఈ పొద్దే చేనికి పోవల్ల అంటూ గ్యారంటీ కార్డు బల్ల మీద కొట్టాను. పక్క కొట్టుకు టీ తాగడానికి వచ్చినవాళ్ళు కూడా గుంపుగా నిలబడి చూశారు. అతను మాత్రం గొంతు పెంచలేదు. అదే నన్ను ఇంకా రెచ్చగొట్టింది.

"కంపెనీకి పంపిస్తానక్కా, వారం పడతాది. అంతవరకు ఈ పాతది తీస్కపోండి. నాదే, బాగా పని చేస్తాది. పెద్దాయన చేనికి పోవల్లంటాండారు కదా."

పాత పెట్టెను తుడిచి మరీ నా ముందు పెట్టాడు. అది తీసుకుంటే తప్పు నాదని అందరి ముందూ ఒప్పుకున్నట్టే. నా బాధల్లా అదే, ఇంకేం లేదు.

"పాత పెట్టె నాకొద్దు. నేనేం అడుక్కోడానికి రాలేదు. కొత్తది ఇయ్యి, లేకుంటే ఈడ్నే కూచుంటా."

కూర్చున్నాను కూడా. మధ్యాహ్నం దాటాక, విత్తడానికి మాట్లాడుకున్న ట్రాక్టరతను ఫోన్ చేశాడు. "అక్కా, పక్క చేను అయిపోయింది. మీది ఇప్పుడే ఏసేస్తా, రేపు చిలమత్తూరు పక్క పోతాండా. పెద్దాయన రాలేదే?"

"ఏసేయ్ అంటాండా కదా!" అని అరిచాను. పాపం, అతనేం చేశాడు?

సాయంత్రం దాకా కూర్చున్నా షాపతను దిగిరాలేదు. మరునాడు పొద్దున ఇంకో షాపులో కొత్త కన్వర్టర్ కొని, బిగించి, రోజంతా ఇంటి ప్లగ్గుకు పెట్టాను. మూడో రోజు నాయనను చేనుకు తోలుకుపోయాను. దారి పొడుగునా ఆ షాపతన్ని తిడుతూనే ఉన్నాను.

చేను గట్టున బండి ఆపితే మంచం మీద కూర్చోలేదు, దిగుతానన్నాడు. మిషన్ బండిలోనే పెట్టి పొడుగు గొట్టం తగిలించాను. మెల్లగా వంగి, సాలు పక్కన కూలబడి, వేళ్ళతో మన్ను పెల్లగించాడు. గింజ బయటపడింది. దాని చుట్టూ పొడిమన్నే. వేలు ఇంకా కిందికి దింపాడు. వేలి కొనకు తడి అంటింది.

"గింజ ఈడుండాది. పదును ఆడుండాది" అన్నాడు.

పక్క సాలు చూశాడు. ఆ పక్కది చూశాడు. అన్నీ అంతే, గొర్రు పైపైనే గీరుకుంటూ పోయింది. నేను ట్రాక్టరతన్ని తిట్టడం అందుకున్నాను. వాని చేతులు పడిపోనూ అనేశాను. నాయన చెయ్యెత్తాడు. ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"వాన్ని అనాకు పాపా. ఎనకాల నిలబడి చెప్పేటోళ్ళు లేకుంటే వాడేం జేస్తాడు?"

ఆ ఒక్క మాటే. నన్ను తిట్టి ఉంటే ఎదురు తిరిగేదాన్ని, నాకు చేతనైంది అదే. ఆయన తిట్టలేదు. సాలు వెంట జరుగుతూ ఒక్కో గింజనూ బొటనవేలితో తడిలోకి నొక్కుతూ పోయాడు. గొట్టం అందినంత మేర రెండు సాళ్ళు నొక్కాడు.

ఆ తర్వాత వాన రాలేదు. ఐదెకరాల్లో మొలిచింది నాయన నొక్కిన ఆ రెండు సాళ్ళ మొదళ్ళే.