నడిచేందుకు విమానం

అప్పట్లో థర్మల్ ప్లాంటులో మరమ్మతు పని మీద విశాఖ నుంచి వచ్చి రాయచూరు దగ్గరి శక్తినగర్‌లో ఉంటున్నాను. ఫ్రాన్సులో మొదలుపెట్టి, స్పెయిన్‌లో ఒక పాత చర్చి దాకా నెలరోజులకు పైగా నడిచే యాత్ర ఒకటుందని చదివి, నాకూ వెళ్లాలని పిచ్చి పట్టింది. భక్తితో కాదు, పొట్ట తగ్గుతుందని. కాలనీలో అందరి ముందూ గొప్పలు పోయాను కాబట్టి ఇక వెనక్కి తగ్గే వీలు లేదు. బూట్లు కొనడానికి రాయచూరు బజారుకు వెళ్లాను.

దుకాణాయన తెలుగాయనే. నా ప్లానంతా ఓపిగ్గా విన్నాడు.

"మొదలుపెట్టే కాడికి ఎట్ల పోతరు సార్?"

"విమానంలో."

"నడిచేందుకు విమానం ఎక్కుతరా? ఇదేంది సార్! మేం ఉగాదికి శ్రీశైలం పోతం. ఇంటి గడప దాటినప్పుడే నడక షురూ. అదీ ఒట్టికాళ్లతోనే."

"బూట్లమ్మే మీరు ఒట్టికాళ్లతోనా?"

"మల్లన్నకు నా సరుకు చూపియ్యాల్నా?" అని నవ్వి, నా కాళ్లకు బూట్లు తొడిగాడు. "శక్తినగర్ దాకా నడిచి పోండి. కరిస్తే రేపు మార్చిస్త."

బజారు వీధి దాటకముందే ఎండకు నా యాత్ర ముగిసింది. వెనకనుంచి వస్తున్న బస్సుకు చెయ్యెత్తాను.

మర్నాడు దర్జాగా వెళ్లి, "ఇంటిదాకా నడిచానండీ, దూదిలా ఉన్నాయి" అన్నాను. ఆయన ఒక బూటు విప్పించి తిరగేశాడు. అడుగున అంటించిన సైజు కాగితం అంచు కూడా చెదరలేదు.

బూటు మళ్లీ నా కాలికి తొడుగుతూ, ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఫ్రాన్సుల బస్సులుంటయా సార్?"