హెప్సిబా గారి ముప్పై రోజుల సెలవు

రేపల్లె బళ్ళలో నల్లబల్లలు గోడ దిగి, వెలిగే తెరలు వాటి చోటెక్కిన ఈ ఇరవై రెండేళ్ళలో, ముగ్గురు ప్రధానోపాధ్యాయులు వచ్చి వెళ్ళగా, ఆ పదవి పేరు లేకుండానే ఆ పనినంతా మోస్తూ ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలను నడిపినవారు సాంఘికశాస్త్రం చెప్పే హెప్సిబా గారు.

ఏ ఉపాధ్యాయుడు రాకపోయినా ఆ తరగతికి బదులు ఎవరు వెళ్ళాలో ప్రార్థనకు ముందే ఆమె పెన్సిలుతో వ్రాసి గోడకు అంటించేవారు. ఒకరికి నేర్పడం కంటే తానే వ్రాయడం సులువనుకున్నారు. ఆ నైపుణ్యమే ఆమెకు సంకెల అయింది.

భర్త ప్రభుదాస్ గారి ప్రోత్సాహంతో, ఆదివారం ఆరాధన ముగియగానే రైలెక్కి, తెనాలిలో పాఠశాల పాలన మీద పీజీ డిప్లొమా చదివారు. పరీక్షలు గట్టెక్కాయి. మిగిలింది బాపట్లలోని ఒక బడిలో ముప్పై రోజుల శిక్షణ. మార్చిలోగా అది ముగియకపోతే రెండేళ్ళ చదువూ చెల్లదు.

కరస్పాండెంటు మాణిక్యాంబ గారు ఆమె సెలవు చీటీని మూడుసార్లు త్రిప్పి పంపారు.

"ప్రిన్సిపాల్ కుర్చీ నీదేనమ్మా, ఎక్కడికీ పోదు. నువ్వు పోతే మాత్రం బడి పోద్ది."

"కుర్చీకి ఆ సర్టిఫికెట్ ఉండాలని మీరే అన్నారు కదండి."

"అన్నాను. వచ్చే ఏడు చూద్దాంలే."

లోనికి త్రోవ తెలిసి వెలికి త్రోవ తెలియని వ్యూహంలో నిలిచినట్లయింది ఆమెకు. జనవరిలో, గణితం చెప్పే జహీర్‌ను ప్రక్కన కూర్చోబెట్టుకొని ఆ బదులు తరగతుల చీటీ వ్రాసే పని నేర్పనారంభించారు.

"మీరు వెళ్తే స్టాఫ్‌రూంలో నన్ను నమిలేస్తారండి, మేడం."

"నమలనివ్వండి. నన్నూ ఇన్నేళ్ళు నమిలారు, అరగలేదు."

మొదటి దినమే జహీర్ ఏడవ తరగతికి ఇద్దరిని పంపి, తొమ్మిదికి ఎవరినీ పంపలేదు. గోల వరండా దాటింది. హెప్సిబా గారి చేయి పెన్సిలు దాకా వెళ్ళింది. తాను దిద్దితే గోల ఆగుతుంది. బాపట్ల ప్రయాణమూ ఆగుతుంది. చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చున్నారు.

మాణిక్యాంబ గారు గుమ్మంలోకి వచ్చారు. "ఏంటి హెప్సిబా, వినపడట్లేదా?"

"జహీర్ సార్ చూస్తున్నారండి."

పదకొండు నిమిషాలకు జహీర్ తన పొరపాటు తానే కనిపెట్టి దిద్దుకున్నాడు. ఆమెకు అవి పదకొండు ఘడియలు. మూడవ వారానికి అతని కాగితంలో కొట్టివేతలు లేవు. మాణిక్యాంబ గారు సెలవు చీటీ మీద సంతకం చేశారు, పదిహేను రోజులకు మాత్రమే.

"మిగతావండి?"

"ముందు వెళ్ళిరా. చూద్దాం."

సగమే తెరచిన తలుపులోంచి ఆమె సోమవారం బాపట్ల బస్సెక్కారు.

మూసిన తలుపులు తెరచే దేవుడు మిగిలిన పదిహేను దినాలనూ ఆమెకు అనుగ్రహించుగాక. ఆమెకు, ప్రభుదాస్ గారికి, ఆ యింటి బల్లమీది అన్నానికి, ఆ గడపలోని శాంతికి ఎన్నడూ లోటు రాకుండుగాక.