రేసు బండి ముక్కుకి బంతిపూల దండ

టెక్కలి నుంచి పలాసకి ఆ బండి మీద ఎనిమిది నిమిషాల్లో వచ్చాను. కాశీబుగ్గలో నా రిపేరు షెడ్డు ముందు బెంచీ మీద కూర్చున్న ప్రతివాడికీ ఈ మాట చెప్పాను. కాగితం మీద పెట్టేసరికి చెయ్యి జంకుతోంది కాబట్టి సరిచేస్తున్నాను. ముప్పావుగంట పట్టింది. కొబ్బరికాయల లారీ వెనకాల వచ్చాను. మొదటి గేరు దాటలేదు. దాటనక్కర్లేదు కూడా, దాని మొదటి గేరే వంద దాకా పోతుందట. ఆ ముక్క ముందే ఎవడైనా చెప్పి ఉంటే అసలు ఎక్కేవాణ్ణే కాదు.

బండి నాది కాదు, నా బావమరిదిది. మా ఆవిడ తమ్ముడు. సంతబొమ్మాళి అవతల సముద్రపు ఒడ్డు పల్లె వాళ్లది. తండ్రి, తాత చేపల వేటకి పోయినవాళ్లే. ఇతను మాత్రం సరుకు ఓడల్లో డెక్కు పనికి చేరాడు. ఎనిమిది నెలలు నీళ్ల మీద ఉంటాడు, నాలుగు నెలలు ఇంటి దగ్గర ఉంటాడు. ఆ నాలుగు నెలలూ నా ప్రాణం తీస్తాడు.

అతనికి బళ్ల పిచ్చి ఎక్కించింది నేనే, ఎవర్నని ఏం లాభం. కుర్రతనంలో రెండేళ్లు మద్రాసులో ఉన్నాను. ఊరి బయట విమానాలు దిగడం మానేసిన రన్‌వే మీద మోటారు సైకిళ్ల రేసులు జరిగేవి. ఇంజను చప్పుడు నేను చెవి ఒగ్గి విని సరే అంటే తప్ప జెండా ఊపేవాళ్లు కాదని షెడ్డులో చెప్పేవాణ్ణి. సాక్ష్యానికి గోడ మీద ఫోటో ఉంది. రేసు బండి పక్కన నేను, నడుము పై దాకా మాత్రమే. ఆ ఫోటో పుణ్యమా అని పలాస, కాశీబుగ్గ జంట ఊళ్లలో నన్ను రేసు మావ అనేవారు. టూ స్ట్రోకు బళ్లు రాజ్యమేలిన రోజుల్లో ఆ పేరుతోనే నా షెడ్డు నడిచింది.

తొంభైల చివర మొదటిసారి అతనొక రేసు జాతి బండి తెచ్చాడు. పాతదే, కానీ కాగితాలన్నీ ఉన్నాయి. రేసు కోసం పుట్టిన బండికి అద్దాలు, ఇండికేటర్లు, హారను, నంబరు ప్లేటు తగిలిస్తే రోడ్డు మీదికి వదలొచ్చని దాన్ని చేసినవాళ్ల ఆలోచన. తోలేవాడు ట్యాంకు మీద బోర్లా పడుకోవాలి. వెనక సీటు మీద మనిషి సంగతి అటుంచండి, కొబ్బరికాయ కూడా నిలవదు. జీడి బట్టీలో పని చేసే ఒకాయన దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, పిక్కల బస్తా ఎక్కడ కట్టాలని అడిగాడు. మిగతా ఊరంతా అడిగింది ఒకటే. "ఎంతిత్తాది మావా?" లీటరుకి పన్నెండు అంటే, పాపం, ఏటి రోగం అన్నట్టు దాని వంక జాలిగా చూసేవారు. రోజుకి పదిసార్లు. చివరికి అరవై అని చెప్పడం మొదలుపెట్టాను.

దానికి నాలుగు సిలిండర్లు, నాలుగు కార్బురేటర్లు. నాలుగూ ఒకే లెక్కలో గాలి పీల్చాలి. ఒకటి ఎక్కువ పీల్చి ఒకటి తక్కువ పీల్చిందా, బండి దగ్గుతుంది. ఆ నాలుగింటినీ ఒక్క గంటలో, చెవితో కలిపేశాను. మూడు రోజులు పట్టింది. చెవితో కాదు. ఆసుపత్రుల్లో వాడే సెలైను గొట్టాలు కొని, వాటిలో ఆయిలు పోసి, కార్బురేటర్లకి తగిలించి, నాలుగు గొట్టాల్లోనూ మట్టం సమానంగా వచ్చేదాకా మరలు తిప్పాను. కానీ కలిసింది. నా జన్మలో చేసిన అసలైన పని అదొక్కటే అనుకుంటాను.

ఏడెనిమిదేళ్లు గడిచాక అదే పేరుతో వచ్చిన కొత్త తరం బండి తెచ్చాడు. నాకు చిరాకు అక్కడ మొదలైంది. కార్బురేటర్లు లేవు. ఇంజెక్టర్లట, ఎంత పెట్రోలు చిమ్మాలో సీటు కింద ఉన్న కంప్యూటరు చూసుకుంటుందట. ఫ్రేము అల్యూమినియం. సైలెన్సరు కింద నుంచి లేచి సీటు వెనక్కి చేరింది, కూర్చున్నవాడి తొడలు ఉడికిపోతాయి. ఇంజను చుట్లు లెక్కపెట్టే ముల్లు పదిహేను వేలు చూపిస్తుంటే అది ఇంకా కావాలంటుంది. ఇంత చేసి, నా చేతికి తిప్పుకోడానికి ఒక్క మర మిగల్చలేదు. బావమరిది మాత్రం పెళ్లికూతుర్ని దించినట్టు దించి, "సూడు బావా, దీన్ని నువ్వే సూసుకోవాల," అన్నాడు. ఆ ఆదివారం చెన్నై దగ్గర రేసు ట్రాకు మీద సొంత బళ్లు తోలుకోనిస్తారట, పేరు కూడా ఇచ్చేశాడట. బండి లారీలో పంపి తను రైలెక్కుతాడు. చేతిలో అయిదు రోజులున్నాయి.

మా వైపు కొత్త బండికి పూజ కాకుండా చక్రం కదలదు. మా ఆవిడ నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, అక్షింతలు, బంతిపూల దండ సిద్ధం చేసింది. దండ హ్యాండిలుకి కట్టాలి కదా, దీని హ్యాండిలు ప్లాస్టిక్ తొడుగు వెనక దాక్కుని ఉంది. ముందువైపు దీపాల మధ్య రెండు పెద్ద కన్నాలు కనిపించాయి. వాటి మీదుగా, అద్దాల కాడలకి అటూ ఇటూ ముడేసి, నా చేత్తో నేనే దండ కట్టాను. ఆ కన్నాలెందుకని ఎవరో అడిగారు. దీపాలు వేడెక్కకుండా అన్నాను. ఎంత ధీమాగా అన్నానంటే నేనూ నమ్మేశాను.

బావమరిది హైవే మీద టెక్కలి దాకా వెళ్లి అక్కణ్ణుంచి ఫోను చేశాడు. ఎంత తిప్పినా బండి లాగడం లేదు, ఊపిరాడనట్టు గింజుకుంటోందన్నాడు. నేను బస్సెక్కి వెళ్లాను. దాని సంగతి నేను తేలుస్తానని అతన్ని బస్సులో పంపేసి, ఇందాక చెప్పిన ఎనిమిది నిమిషాల ప్రయాణం చేసి ఇంటికి తెచ్చాను.

తెచ్చి, ఇది కంప్యూటరు జబ్బే అని తేల్చేశాను. రెండు రోజులు ప్లాస్టిక్ విప్పాను. ఒక్క బోల్టు పొడవు ఇంకో దానితో కలవదు. ఏది ఎక్కడిదో మరిచిపోకుండా మా ఆవిడ పళ్లాలన్నీ తెచ్చి బోల్టులు పేర్చాను. ఆమె ఆకుల్లో అన్నం పెట్టింది. సీటు కింద కంప్యూటరు కనిపించింది. నల్లటి డబ్బా. విప్పడానికి లేదు, వినడానికి లేదు. చేతిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టేశాను. బావమరిది రోజుకి నాలుగుసార్లు వచ్చి నా మొహం చూసేవాడు. నేను తల పంకించేవాణ్ణి.

మూడో రోజు మధ్యాహ్నం మా ఆవిడ పళ్లాల కోసం వచ్చి, బండికి వేలాడుతున్న దారం పట్టుకుని అడిగింది. "పూలేవి?"

వేగానికి ఎగిరిపోయాయన్నాను.

"ఎగిరిపోతే దారవెందుకుండిపోద్ది? పూలెటెల్లాయో సూసుకో," అని పళ్లాలు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

కన్నంలో వేలు పెట్టాను. పసుపు అంటింది. ట్యాంకు ఎత్తి దాని కింద గాలి డబ్బా తెరిస్తే బంతి రేకలు, కుంకుమ, అక్షింతలు ఫిల్టరు నిండా పేరుకుపోయి ఉన్నాయి. అప్పుడు బుర్రకెక్కింది. అవి దీపాల కన్నాలు కావు, బండి ముక్కులు. వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలే వాటిలో దూరి ఇంజనుకి ఊపిరి పోస్తుంది. రేసుల్లో పుట్టిన తెలివి అది. రేసు మావ ఆ ముక్కులకి దండ కట్టాడు.

రేకలన్నీ ఏరి లుంగీ మడతలో వేసుకున్నాను. ఫిల్టరు దులిపి, అంతా బిగించి, బావమరిదిని పిలిచాను. రెండు బోల్టులు మిగిలాయి, జేబులో వేసుకున్నాను. బండి స్టార్టు చేసి గట్టిగా తిప్పితే రైల్వే గేటు దాకా వినిపించింది. కంప్యూటరుని దారిలో పెట్టానని చెప్పాను. అతను నా చేతులు పట్టుకున్నాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది.

"బావా, ట్రాకు మీద మలుపులో ఎంత వరకు లాగొచ్చు? అక్కడోలు ఏటేటో సెప్తారు. నాకు నీ మాటే లెక్క," అన్నాడు.

నూట అరవైలో వంగొచ్చు, బ్రేకు ముట్టుకోకు అనేశాను. ఎందుకన్నానో దేవుడికి తెలియాలి, ఆ అంకె బాగుందనిపించింది. అతను నవ్వలేదు. నూట అరవై, బ్రేకు ముట్టుకోను అని మెల్లగా పైకి అనుకున్నాడు. వేటకి పోయేవాళ్లు పడవ నడిపే ముసలి సరంగు చెప్పిన గుర్తులు అలాగే వల్లె వేసుకుంటారు, ఎదురు ప్రశ్న వెయ్యరు. వీడు ఆ ఇంటి మనిషి. నేనన్న అంకె పట్టుకుని ఆదివారం పొద్దున మలుపులోకి వెళ్లిపోతాడు. జేబులో ఆ రెండు బోల్టులు చేతికి తగిలాయి.

బండి ఆపమన్నాను. లుంగీ మడత విప్పి బెంచీ మీద రేకలు పోశాను, వాటి పక్కన బోల్టులు పెట్టాను. కంప్యూటరు జోలికి నేను వెళ్లలేదని, బండి ముక్కు మూసింది నేనేనని చెప్పాను. అతను ఒక రేకని తీసి వేళ్ల మధ్య నలిపాడు.

"మరి మద్రాసు?" అన్నాడు.

"ఓటల్లో పని. రేసులప్పుడు మెకానిక్కులకి టీ అట్టుకెల్లీవోణ్ణి."

లేచి గోడ మీద ఫోటో దగ్గరికి వెళ్లాడు. నడుము దగ్గర కత్తెర వేసిన అంచు వేలితో తడిమాడు. "కింద ఏటుండీది?"

"కెటిలు," అన్నాను.

నవ్వుతాడేమో, నలుగురినీ పిలుస్తాడేమో అనుకున్నాను. అతను అడిగింది వేరే. "పాత బండి కార్బురేటర్లు కూడా అంతేనా?"

అవి నేనే చేశానన్నాను. గంటలో కాదు, మూడు రోజులు పట్టిందన్నాను. సెలైను గొట్టాల సంగతీ చెప్పాను. అతను తల ఊపాడు. ఆ రెండు బోల్టులూ ఎక్కడివో వెతకడానికి ఇద్దరం కలిసి మళ్లీ ప్లాస్టిక్ విప్పాం. చీకటి పడేలోపు దొరికాయి.

మర్నాడు లారీ వచ్చింది. మా ఆవిడ మళ్లీ దండ తెచ్చింది, ఆమెను ఆపడం ఎవరి తరం. ఎక్కడ కట్టాలని నన్నే అడిగింది. బావమరిది నా వైపు చూశాడు. నేను వెనక్కి నడిచి నంబరు ప్లేటు చూపించాను. ఆ బండిలో రేసుతో పని లేని చోటు అదొక్కటే. అతనే కట్టుకున్నాడు.

"ఆదివారం అక్కడోలు సెప్పినట్టే ఇంటానులే," అన్నాడు లారీ ఎక్కించాక, నేను అడగకుండానే.