సమ్మెలో గుల్షన్ మేడం నేర్చిన చదువు

కురవి హైస్కూల్లో లెక్కల మాస్టరుగా నా అనుభవం చెప్తున్నాను. మా తెలుగు టీచర్ గుల్షన్ బేగం పక్కన బస్సులో కూర్చోవడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. టికెట్ తీసుకునేలోపే ప్రశ్న పడుతుంది. "సార్, జలదం అంటే మేఘం, జలధి అంటే సముద్రం. అక్షరం జరంత మారితే ఆకాశంల ఉన్నది కిందికొచ్చె. గమ్మత్తు లేదా?" నాకేం గమ్మత్తు? కళ్లు మూతలు పడుతుంటాయి.

ఆమె ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. తండ్రి జలీల్ మానుకోటలో గాజుల దుకాణం నడిపేవాడు. అనిలం అంటే గాలి, అనలం అంటే నిప్పు అని బళ్లో విన్న రోజు ఆమెకు అన్నం సయించలేదట. ఇంత దగ్గరి మాటలకు అంత దూరపు అర్థాలేమిటన్న ఆరాటమే ఆమెను తెలుగు టీచర్ని చేసింది. వీరభద్రస్వామి గుడి పూజారిని కూడా వదల్లేదు. "ప్రసాదమైతే ఇస్తరు, ప్రాసాదం ఎప్పుడిస్తరు పంతులుగారూ?" అంది. ప్రాసాదమంటే పెద్ద మేడ. ఆయన నవ్వి ఇంకో దోసెడు పులిహోర పెట్టాడు.

రెండువేల పదకొండులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బడికి తాళం పడింది. కురవి సెంటర్లో శిబిరం వేసి టీచర్లమంతా కూర్చున్నాం. సమ్మె ముగిసేదాకా ఎవరూ పాఠం చెప్పకూడదని మా కట్టుబాటు. దానికి కాపలా నేనే.

ఒక పొద్దున తండా నుంచి తుల్సీరాం వచ్చాడు. వెనక అతని కూతురు ద్వాళి, మా పదో తరగతి పిల్ల. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. తెలుగులో తప్పు దొర్లితే నవ్వుతారేమోనని ఆ పిల్ల తరగతిలో నోరే విప్పదు.

"బడి ఎప్పుడు తెరుస్తరో ఎవలకెరుక సారూ? మేం పత్తి ఏరవోతున్నం. పిల్లను గూడ తీస్కపోతం," అన్నాడు తుల్సీరాం.

గుల్షన్ మొహం వాడిపోయింది. పత్తికి వలస వెళ్లినవాళ్లు అటునుంచి అటే మిరపతోటలకు వెళ్తారు. తిరిగొచ్చేసరికి పరీక్షలు అయిపోతాయి. ఆ పిల్ల చదువు అక్కడితో సరి. బతిమాలదామంటే మాకు నోరెక్కడిది? బడి మూసింది మేమే.

"ద్వాళీ, పాణి అంటే ఏంది?" అంది గుల్షన్, పిల్లను కాసేపు ఆపుదామని.

"నీళ్లు."

శిబిరమంతా గొల్లున నవ్వింది. పుస్తకంలో పాణి అంటే చెయ్యి, ఫణి అంటే పాము. ద్వాళి తల దించుకుంది. గుల్షన్ మాత్రం చాప మీంచి లేచి నిలబడింది.

"మా ఇంట్ల గూడ పానీ అంటే నీళ్లే బిడ్డా! మీ మాటల ఇంకేమున్నయి? తుల్సీరామన్నా, మీరు బయలెల్లేదాంక పిల్లను రోజూ పంపు. మీ మాట నాకు నేర్పుతది."

నాకు ఒళ్లు మండింది. "మేడం, పాఠాలు వద్దనుకున్నం గదా!"

"చెప్పొద్దనుకున్నం సార్. నేర్చుకోవద్దని ఎవలన్నరు?"



మర్నాటి నుంచి ద్వాళి కుర్చీ మీద, గుల్షన్ కింద చాప మీద. తమ మాట చెప్పి దాని అర్థం తెలుగులో చెప్పాలి కాబట్టి ద్వాళి నోరు విప్పక తప్పలేదు. మేడం నాలుక తిరక్కపోతే కసిరేది కూడా. "గట్ల గాదు మేడం, మల్ల చెప్పు!" టీచరు తిట్లు తినే వింత చూడ్డానికి పదో తరగతి మొత్తం దిగింది. మధ్యమధ్య గుల్షన్ అమాయకంగా అనిలమేదో, అనలమేదో మరిచిపోయేది. పిల్లలు పుస్తకాలు తెచ్చి మరీ వెతికి చెప్పేవాళ్లు. పాఠమైతే ఏ టీచరూ చెప్పలేదు, నేనే సాక్షిని. నిజం చెప్పొద్దూ, నాకూ ముచ్చటేసింది.

ప్రయాణం రోజు తుల్సీరాం ట్రాక్టరును శిబిరం ముందే ఆపించాడు. ట్రాలీలో మూటలు, భార్య మంగ్లీ, తండా జనం. కూతుర్ని పిలవబోయి ఆగాడు. ద్వాళి గడగడా తెలుగులో మేడంకు ఏదో వివరిస్తోంది. చుట్టూ పిల్లలు నోరు మూసుకుని వింటున్నారు. తుల్సీరాం కూడా విన్నాడు. మంగ్లీ ట్రాలీలోంచి కేకేసినా కదల్లేదు. గుల్షన్ అతన్ని చూసి లేచి, ద్వాళి కుర్చీకి అడ్డంగా నిలబడింది. అంత భయపడగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

తుల్సీరాం ట్రాలీ దగ్గరికి వెళ్లి, ద్వాళి బట్టల సంచి తెచ్చి చాప మీద పెట్టాడు.

"పిల్ల తండాల మా అవ్వ కాడ ఉంటది," అన్నాడు నాతో. తర్వాత గుల్షన్ వైపు తిరిగి వేలు చూపించాడు.

"నువ్వు మంచిగ సదువుకోవాలె మేడం. మా పిల్ల పేరు ఖరాబు చెయ్యకు."